పొడపత్రి కిళ్ళీ

నర్సీపట్నంలో ఆ రోజుల్లో, అంటే 2003 ప్రాంతంలో, పెళ్ళి చెయ్యాలంటే మూడు కుదరాలి. సంబంధం, ముహూర్తం, దేవుళ్లు మేస్త్రి. మొదటి రెండూ కుదిరి మూడోది కుదరక, పంతులుగారి కాళ్ళావేళ్ళా పడి ముహూర్తం మార్పించుకున్న ఇళ్ళున్నాయి.

దేవుళ్లు వంటమేస్త్రి. అయిదొందల మందికైనా రెండు వేల మందికైనా కాటా ముట్టడు, కొలత గ్లాసు ముట్టడు. బియ్యం గుప్పిట్లోకి తీసుకుని చూస్తాడు, పోయమంటాడు. ఉప్పు చేత్తో విసురుతాడు. తీపి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఓ తతంగం ఉంది. గరిటెతో కాస్త తీసి ఎడమ అరచేతిలో వేసుకుంటాడు, ఊదుకుంటాడు, నాలుకతో అందుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు. అంతసేపూ గాడిపొయ్యి చుట్టూ ఉన్న పనివాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడాలి. కళ్ళు తెరిచి "ఉంది" అంటే గుండిగ దింపాలి. "నేదు" అంటే మరో బెల్లం దిమ్మ పడాలి. వడ్డన మొదలయ్యేవరకూ మేస్త్రి నాలుక తప్ప మరో నాలుక ఆ గుండిగ దరిదాపులకి రాకూడదు. ఎంగిలవుతుందని కాదు, మేస్త్రికి అవమానమని. ఇరవై ఆరేళ్ళుగా అదే చట్టం.

ఆ నాలుకని కట్టుకున్న మనిషి సీతాలు. మేనరికం. పరికిణీ కట్టిన రోజుల్లో మావా అని పిలిచింది, ఇప్పటికీ అదే పిలుపు. ఊరివాళ్ళకి దేవుళ్లు నాలుక గొప్ప వస్తువు గాని, సీతాలుకి అది సవతి. అది అడిగినప్పుడల్లా తీపి పెట్టాలి, పెట్టకపోతే అలుగుతుంది.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన వారానికి దేవుళ్లు కాలి బొటనవేలికి పుండు లేచి ఎంతకీ మానలేదు. సీతాలు ఆసుపత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు రక్తం తీయించి, కాగితం చూసి, మూడొందల పన్నెండు అన్నాడు.

"ఎంతకండి?" అన్నాడు దేవుళ్లు.

"తిన్నాక నూట నలభై దాటకూడదు."

"అయితే నాకు రెట్టింపు పైనే వొచ్చిందన్నమాట" అని దేవుళ్లు పరీక్ష పాసైనవాడిలా సీతాలు వైపు చూశాడు. డాక్టరు కళ్ళజోడు తీసి, ఇది నవ్వులాట కాదని, తీపి మానకపోతే ముందు కాలు, తర్వాత కళ్ళు, తర్వాత కిడ్నీలు ఒక్కొక్కటే పోతాయని విడమరిచి చెప్పాడు. అప్పుడు దేవుళ్లు ముఖంలో నవ్వు ఆగింది.

రిక్షాలో ఇంటికొస్తూ ఒకటే మాట. "ఒలే, ఇది బయట పొక్కకూడదు. సుగరున్నోడి సేత పరమాన్నం ఎవులు వండించుకుంతారు? రుచి సూడకూడనోడు మేస్త్రి ఏటి? గరిటె గోడకి తగిలించుకోవాల."

సీతాలు ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టింది. ఇంట్లో పంచదార డబ్బా పక్కవాళ్ళింటికి పంపేసింది. బెల్లం కుండ అటకెక్కించి నిచ్చెన ఎదురింట్లో పెట్టించింది. టీ చప్పగా ఇచ్చింది. దేవుళ్లు బుద్ధిగా పొద్దున్నే మాత్ర వేసుకునేవాడు, మధ్యాహ్నం భోంచేసేవాడు, సీతాలు కట్టిచ్చిన కిళ్ళీ నమిలేవాడు, ఆ కిళ్ళీ ఉమ్మేసి నాలుగిళ్ళ అవతలున్న కొండబాబు మిఠాయి కొట్టుకి వెళ్ళి వేడి వేడి జిలేబీ నాలుగు చుట్లు తినేవాడు. ఇదేటి మావా అంటే, "మాత్రేసుకున్నాను కదే. దానికీ ఏదో పనుండాల కదా" అనేవాడు.

సీతాలు ఊరుకునే రకం కాదు. కాకరకాయ రసం తీసిచ్చింది. చాటుగా దాంట్లో బెల్లం కలుపుకుని, రుచి కుదిరిందని ఆమెకే ఓ గ్లాసు పోశాడు. మెంతులు నానబెట్టి ఇచ్చింది. వారం తిరక్కుండా మెంతి లడ్డు అని కొత్త మిఠాయి కనిపెట్టి రెండు పెళ్ళిళ్ళలో పెట్టించుకున్నాడు. ఆ తర్వాత టై కట్టుకున్న ఏజెంటు ఒకడు వచ్చి, దీంట్లో లేని సత్తువ లేదని చెప్పి ఆకుపచ్చ నాచు మాత్రల డబ్బా అంటగట్టి పోయాడు. స్పిరులినా అట దాని పేరు. రాజయ్యపేట నుంచి చేపల తట్టతో వచ్చే కళావతి ఆ డబ్బా మూత తీసి వాసన చూసి ముక్కు మూసుకుంది.

"ఓలమ్మ, ఇది నాచు కాదేటి? మా తెప్పలకి అంటితే కత్తెట్టి గోకి పారేస్తాం. మీరు డబ్బాలో ఎట్టుకుని మింగుతన్నారా?"

"ఒంటికి బలమటే" అంది సీతాలు నీరసంగా.

"అయితే మా తెప్ప మీ ఆయనకన్నా బలంగా ఉండాల" అని కళావతి తట్ట నెత్తికెత్తుకుంది. దేవుళ్లు మాత్రం ఆ మాత్రల మీద గొప్ప నమ్మకం పెట్టుకున్నాడు. నాచు మింగినవాడికి రెండు కాజాలు లెక్కలోకి రావని అతని లెక్క.

ఇలా ఉండగా ఓ సంతరోజు సీతాలు అడ్డాకుల కోసం మత్స్యలింగం దగ్గరికి వెళ్ళింది. మత్స్యలింగం చింతపల్లి పైనుంచి చింతపండు, పిప్పళ్ళు, విస్తర్లు కుట్టే అడ్డాకులు దింపే గిరిజనుడు. పదేళ్ళ బేరం. ఆమె దిగులు ముఖం చూసి ఏమిటని అడిగాడు. ఊరివాడు కాదు కదా అని సీతాలు ఉన్నదంతా వెళ్ళగక్కింది. అతను సంచిలోంచి చిన్న తీగ ఒకటి తీసి, ఆకు తుంచి చేతిలో పెట్టాడు.

"నమలమ్మా."

నమిలింది. పసరు, కాస్త చేదు. మత్స్యలింగం పక్క టీ కొట్టునుంచి చెంచాడు పంచదార తెచ్చి నోట్లో పోసుకోమన్నాడు. పోసుకుంది. పళ్ళకింద గరగరలాడింది, కరిగింది, అంతే. తీపన్నది లేదు. నోట్లో ఇసక పోసుకున్నట్టుంది. సీతాలు అనుమానంగా చెంచా వాసన చూసింది.

"పొడపత్రి. మా బావకి పెళ్ళిలో ఇదెట్టి పాయసం పోసాం. ఆ ముఖం తలుసుకుంటే ఇప్పటికీ నవ్వొస్తాది."

"రోగం పోద్దా?"

"రోగం సంగతి డాక్టరుకి తెలవాల. నాలుక సంగతి నాకు తెలుసు. ముప్పావుగంట, మహా అయితే గంట, తీపి అగుపడదు. తర్వాత మామూలే."

అయినా సీతాలు తొందరపడలేదు. పక్క వాటాలో అద్దెకుంటున్న రాజేశ్వరి కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఎవరికీ చెప్పనని మాట తీసుకుని ఆమెకి సంగతి చెప్పి, ఆకు చూపించి ఇది విషం కాదు కదా అని అడిగింది.

"కాదండీ. దీంట్లో జిమ్నెమిక్ ఆమ్లాలని ఉంటాయి" అంది రాజేశ్వరి. "నాలుక మీద తీపి కూర్చోడానికి సీట్లుంటాయనుకోండి. వైజాగ్ బస్సులో కిటికీలోంచి తుండుగుడ్డ వేసి సీటు పట్టేస్తారు చూడండి, అలా ఇవి ముందే వచ్చి పట్టేస్తాయి. జిలేబీ ఎక్కి చూస్తే సీటుండదు. నిలబడే లోపలికి పోతుంది. షుగరుకి పనికొస్తుందేమో అని పరిశోధనలు కూడా చేస్తున్నారు. అలాగని మాత్రలు మానిపించకండి. డాక్టరుగారికి ఓ మాట చెప్పండి. ఇంకోటి, ఆయనకి చెప్పే పెట్టండి. చెప్పకుండా పెడితే ఏమైందోనని కంగారు పడతారు."

సీతాలు తల ఊపింది. డాక్టరుకి చెప్పింది. ఆకుతో సరిపెట్టకుండా మాత్రలు వాడాలని, వారం వారం రక్తం చూపించాలని ఆయన గట్టిగా చెప్పాడు. దేవుళ్లుకి మాత్రం చెప్పలేదు. చెబితే కిళ్ళీ మానేస్తాడు గాని జిలేబీ మానడని ఆమెకి తెలుసు.

మర్నాడు భోజనం కాగానే తమలపాకులో సున్నం, వక్క, లవంగంతో పాటు రెండు పొడపత్రి ఆకులు సన్నగా తరిగి పెట్టి మడిచి ఇచ్చింది. దేవుళ్లు నమిలాడు, కొండబాబు కొట్టుకి వెళ్ళాడు, పది నిమిషాల్లో తిరిగొచ్చాడు.

"కొండబాబు సెడిపోయాడే" అన్నాడు మంచం మీద కూలబడుతూ. "జిలేబీ పాకంలో నీళ్ళు తప్ప ఏటీ నేదు. ఓ చుట్టు కొరికి ఒగ్గేసాను."

సీతాలు చెంగు అడ్డం పెట్టుకుని వంటగదిలోకి పోయి మనసారా నవ్వుకుంది. అప్పుడు మూఢం నడుస్తోంది. పెళ్ళిళ్ళు లేవు, వంటలు లేవు. ఇంట్లో తీపి లేదు. రోజు మొత్తం మీద దేవుళ్లుకి తీపి ఎదురుపడేది కొండబాబు కొట్లోనే, అదీ కిళ్ళీ నమిలాకే. అందుకని ఏర్పాటు దివ్యంగా సాగింది. రెండోరోజు కాజా బాగోలేదన్నాడు, మూడోరోజు మైసూర్‌పాక్ సుద్దముక్కన్నాడు, అయిదోరోజు కొట్టు ముందే నిలబడి నలుగురు వింటుండగా "ఏటిరా కొండబాబూ, పంచదార బదులు పిండి కలిపేస్తన్నావేటి?" అని కడిగేశాడు.

ఇక్కడే సీతాలు ఊహించనిది జరిగింది. ఊరు దేవుళ్లు నాలుకనే నమ్మింది. అదే జిలేబీ తింటూ, వేళ్ళు నాక్కుంటూ, "ఆఁ, మేస్త్రిగారు సెప్పింది నిజమే, చప్పబడింది" అన్నారు జనం. మీసానికి పాకం కారుతుంటే తుడుచుకుని మరీ అన్నారు. సొంత నోట్లో సొంత నాలుక ఉండి కూడా ఇదేం పోయేకాలమో. కొండబాబు బెంబేలెత్తి పంచదార పెంచాడు. మర్నాడు ఇంకా పెంచాడు. జిలేబీ చుట్టుకి చీమలు బారులు కట్టాయి గాని దేవుళ్లు మాత్రం నోట్లో పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. కొండబాబు కళ్ళనీళ్ళ పర్యంతమై, వదినా ఏటి నా పాపం అని సీతాలు దగ్గరికొస్తే, ఆమెకి గుండె కలుక్కుమంది. అయినా వారం పరీక్షలో అంకె రెండొందల ముప్పైకి దిగింది. ఇంకో నాలుగు రోజులు చూద్దాంలే అనుకుంది.

మూఢం వెళ్ళగానే మొదటి పెళ్ళి మాకవరపాలెంలో. రైసుమిల్లు జగదీశ్వరరావుగారి అమ్మాయి. పొద్దున్న పది దాటాక ముహూర్తం, పన్నెండున్నరకి భోజనాలు, ఎనిమిది వందల మంది. మగపెళ్ళివారు అనకాపల్లిలో మూడు తరాలుగా బెల్లం వ్యాపారం చేసే మనుషులు. వాళ్ళకి బెల్లం పరమాన్నం పెట్టి మెప్పిస్తే ఆ ఏడాది అనకాపల్లి పెళ్ళిళ్ళన్నీ దేవుళ్లువే. మెప్పించకపోతే ఆ మాట మేస్త్రి కంటే ముందు నర్సీపట్నం చేరుతుంది.

పని ఉన్న రోజు ఆకు పెట్టకూడదని సీతాలు మొదట్నుంచీ నియమం పెట్టుకుంది. అందుకే ముందురోజు మామూలు కిళ్ళీలు రెండు పొట్లం కట్టి మేస్త్రి సంచిలో వేసింది. ఆకు పెట్టిన కిళ్ళీ ఒకటి, తిరిగొచ్చాక ఇద్దామని, తడిగుడ్డ చుట్టి స్టీలు డబ్బాలో దాచింది. తెల్లారగట్ల దేవుళ్లు పనివాళ్ళతో వెళ్ళిపోయాడు. పదింటికి సీతాలు డబ్బా మూత తీసింది. తడిగుడ్డ ఉంది, కిళ్ళీ లేదు.

మామూలు కిళ్ళీలతో పాటు మావ దాన్ని కూడా సంచిలో వేసుకుపోయాడు. చెప్పు ఒకటి దొరికింది, రెండోది దొరకలేదు, రెండూ వదిలేసి రోడ్డున పడింది. మాకవరపాలెం ఆటో ఉంది గాని డ్రైవరు సోమేశ్ నీడలో కూర్చుని పేపరు చదువుతున్నాడు. పదిమంది నిండితే గాని కదలదన్నాడు. బేగి ఎల్లాల బాబూ అంటే, "అందరికీ బేగే కావాలమ్మా, మనుషులేరి?" అన్నాడు. సీతాలు ఇంక అతన్ని బతిమాలలేదు. నడిరోడ్డు మీద నిలబడి, "మాకవరపాలెం, మాకవరపాలెం, ఖాళీ ఖాళీ" అని అరవడం మొదలుపెట్టింది. ఎరువుల బస్తాతో పోతున్న రైతుని రెక్క పట్టి లోపల కూర్చోబెట్టింది. ఇద్దరు టీచరమ్మల్ని ఒకర్నొకరు ఒళ్ళో కూర్చోబెట్టుకోమంది. నక్కపల్లి వెళ్ళాల్సిన ముసలాయన్ని కూడా ఎక్కించేసేది గాని, ఆయన గట్టిగా గొడవ పెట్టుకున్నాడు. పావుగంటలో ఆటో నిండింది. సోమేశ్ పేపరు మడిచి, "రేపు కూడా రా అమ్మా" అన్నాడు.

దారి పొడుగునా ఆమెకి ఒకటే లెక్క. తొమ్మిదికి టిఫిను పెట్టి ఉంటారు. టిఫిను కాగానే కిళ్ళీ. కిళ్ళీ కాగానే పరమాన్నం పొయ్యి మీద. ఆటో ప్రతి మలుపులో ఆగి ఒకర్ని దింపుతుంటే సీతాలు తనే వాళ్ళ సంచులు కిందికి విసిరింది.

పెళ్ళివారింటి వెనక తాటాకు పందిరి కింద గాడిపొయ్యి ఉంది. సన్నాయి వినిపిస్తోంది గాని పందిరి కింద చడీచప్పుడు లేదు. పెద్ద పనివాడు లోవరాజు గరిటె పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డాడు.

"ఏటయిందిరా?"

"ఏటో తెల్దక్కా. మేస్త్రి రుచి సూసి నేదన్నాడు. దిమ్మేసాం. మళ్ళీ నేదన్నాడు. రెండేసాం. మళ్ళీ సూసి..." లోవరాజు గొంతు తగ్గించాడు. "మళ్ళీ నేదన్నాడక్కా. వాసనకే నాకు పళ్ళు జివ్వుమంటన్నాయి. అయినా మేస్త్రి నేదంటే ఉందని నానెలా సెప్పను? మిగిలిన దిమ్మలన్నీ ఏసేసాం. అప్పుడు మళ్ళీ సూసి, ఏటీ అనకుండా గరిటె నా సేతికిచ్చేసి అటెల్లి కూకున్నాడు. గంట పైనయింది."

దేవుళ్లు కొట్టాం పక్కన బస్తాల మీద కూర్చున్నాడు. తుండుగుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. సీతాలు దగ్గరికి వెళ్తే తలెత్తి, ఎందుకొచ్చావని కూడా అడగలేదు.

"నాలుక పోయిందే సీతా" అన్నాడు.

"మావా, నా మాట..."

"డాక్టరు సెప్పనేదా? ఒక్కొక్కటే పోతాదని. అందరికీ కాలు ముందు పోతాది. నాకు నాలుక పోయింది. ఇయ్యాల కాదు, పది రోజులయింది. కొండబాబు జిలేబీ బాగానే ఉందని నాకు తెల్దనుకున్నావా? ముక్కుకి వాసనొస్తంది, సేతికి పాకం అంటుకుంటంది, నోట్లో ఎట్టుకుంటే ఏటీ నేదు. నా నాలుక సచ్చిందని సెప్పుకోలేక ఆడి మీదకి తోసేసాను. ఆడి పొట్ట కొట్టాను. నీకు సెబితే భయపడతావని నీకూ సెప్పనేదు. నువ్వు నిద్దరోయాక లేచి కూకునేవోడిని. ఇయ్యాల పనిలో దిగితే మళ్ళీ వొస్తాదేమోనని ఆశపడ్డాను. రానేదు. ఈ పెళ్ళితో సరి. గరిటె లోవరాజుకిచ్చేస్తాను."

పది రోజులుగా చెంగు చాటున నవ్వుకున్న సీతాలుకి ఇప్పుడు ఆ నవ్వు తలుచుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. తను తీపి మాన్పిస్తున్నానని మురిసిపోతుంటే పక్క మంచం మీద ఈ మనిషి కూర్చుని బతుకు అయిపోయిందని ఏడ్చుకుంటున్నాడు. ఆమె అతని కాళ్ళ దగ్గర కూలబడింది. పొడపత్రి, మత్స్యలింగం, కిళ్ళీ, తడిగుడ్డ, అంతా ఒక్క గుక్కలో చెప్పేసింది. చెబుతున్నంతసేపూ అతని బొటనవేలి కట్టునే చూస్తూ చెప్పింది, ముఖం చూసే ధైర్యం లేక.

దేవుళ్లు ముఖం మీంచి తుండుగుడ్డ తీశాడు.

"గంటేనా?" అన్నాడు.

"గంటే మావా. ఒట్టు. కావాలంటే ఇప్పుడు సూడు."

దేవుళ్లు లేచాడు. గుండిగ దగ్గరికి వెళ్ళి గరిటెతో కాస్త పరమాన్నం తీసి అరచేతిలో వేసుకున్నాడు. ఊదాడు. నాలుకతో అందుకున్నాడు. కళ్ళు మూసుకునే వ్యవధి కూడా లేకపోయింది. పొలమారి, దగ్గొచ్చి, కళ్ళంట నీళ్ళు కారి, లోవరాజు భుజం పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"బతికింది" అన్నాడు. "ఒలే, నా నాలుక బతికింది. పరమాన్నం సచ్చింది."

నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో పనివాళ్ళకి అర్థం కాలేదు. సీతాలుకి తెలుసు, రెండూనని. అప్పటికి పదకొండున్నర. దేవుళ్లు తుండుగుడ్డ నడుముకి బిగించాడు. ఇంకో పొయ్యి వెలిగించమన్నాడు. పెరుగు తోడు పెడదామని ఉంచిన పాలు అడిగి తెప్పించాడు, చాలకపోతే కొబ్బరికాయలు కొట్టించి పాలు తీయించాడు. వేరే గుండిగలో చప్పటి అన్నం మెత్తగా ఉడికించి, పాలు విరక్కుండా కాస్త చల్లార్చి, పాతదీ కొత్తదీ కలుపుకొచ్చాడు. కలిపాక అలవాటుగా ఎడమ అరచెయ్యి చాపాడు.

సీతాలు ఆ చెయ్యి పట్టుకుంది. "ఇప్పటికి కడుపులోకి దిగిన తీపి సాలు నీకు. నాను సూస్తాను."

పనివాళ్ళు బిగుసుకుపోయారు. ఇరవై ఆరేళ్ళ చట్టం. దేవుళ్లు పెళ్ళాం ముఖం చూశాడు, గుండిగ చూశాడు, ఇంకో గరిటె తీసి ఆమె అరచేతిలో వేశాడు. సీతాలు రుచి చూసింది.

"ఇంకా ఎక్కువుంది."

"ఎంత?"

"పిల్లలు మెచ్చుకుంతారు, పెద్దోళ్ళు తిడతారు."

ఇంకో బిందెడు కొబ్బరిపాలు పడ్డాయి. మళ్ళీ చూసింది. "ఇప్పుడు నువ్వు వండినట్టుంది" అంది.

భోజనాలు నడిచాయి. ఒక గుండిగ కావలసిన చోట రెండయ్యాయి కాబట్టి ధారాళంగా మారు వడ్డించారు. కొబ్బరిపాల రుచి ఏదో కొత్తగా ఉందని బెల్లం వ్యాపారులు మూడోసారి పోయించుకున్నారు. బంతి లేచాక జగదీశ్వరరావుగారు వియ్యంకుడిని, మరో అయిదారుగురు పెద్దల్ని వెంటేసుకుని పందిట్లోకి వచ్చారు. పెళ్ళిపెద్ద తన చేత్తో మేస్త్రికి తీపి తినిపించి శాలువా కప్పడం వాళ్ళింటి ఆనవాయితీ. గిన్నె నిండా పరమాన్నం తెచ్చారు.

"పట్టండి మేస్త్రిగారూ. మా బావగారు ఇంత మంచి పరమాన్నం అనకాపల్లిలోనే తినలేదంటున్నారు."

దేవుళ్లు గిన్నె వైపు చూశాడు. అది తినేస్తే ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. సీతాలు ఒట్టు పెట్టిన మనిషి, ఆపడానికి లేదు.

"నాను తిననండి" అన్నాడు దేవుళ్లు. "నాకు సుగరుందండి. మూడొందల పన్నెండు. ఇయ్యాల రుచి సూసింది నాను కాదండి, మా ఇంటిది. ఇక మీదట నా వంటకి నాలుక తనదే. అలాగైతే ఒద్దనుకునేవోళ్ళు ఇప్పుడే సెప్పేయండి."

జగదీశ్వరరావుగారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. అటూ ఇటూ చూసి, మేస్త్రి చెవి దగ్గరికి వంగారు.

"నాకూ ఉందయ్యా" అన్నారు మెల్లగా. "ఆరేళ్ళయింది."

"నాకు పదకొండు" అన్నాడు వియ్యంకుడు, బెల్లం వ్యాపారి. "బయటికి తెలిస్తే బెల్లం ఎవడు కొంటాడండీ?"

పక్కనున్న తెల్లపంచె ఆయన దగ్గాడు. "నాకు మొన్న సంక్రాంతికి బయటపడింది." ఆయన వెనకాయన వేళ్ళతో నాలుగని చూపించాడు. తీరా చూస్తే వచ్చిన ఏడుగురిలో అయిదుగురికి ఉంది, అయిదుగురూ మూడేసి సార్లు పోయించుకున్నవాళ్ళే. ఒకరి ముఖాలొకరు చూసుకుని, పెద్ద బరువేదో దింపుకున్నట్టు నవ్వుకుంటున్నారు. అప్పుడే పందిరి గుంజ పక్కనుంచి జగదీశ్వరరావుగారి భార్య మంగాదేవి గొంతు వినిపించింది.

"ఆరేళ్ళా?" అందావిడ.

ఆ తర్వాత పెద్దలందరూ చాలా వేగంగా పందిరి ఖాళీ చేశారు. శాలువా బస్తాల మీదే పడిపోయింది.

తిరుగు ఆటోలో దేవుళ్లు, సీతాలు వెనక సీట్లో కూర్చున్నారు. అనకాపల్లి వాళ్ళు రెండు పెళ్ళిళ్ళకి మాటిచ్చారు, ఇద్దరూ కలిసి రావాలన్న షరతు మీద. ముందు కొండబాబు కొట్టు దగ్గర దిగి తప్పు ఒప్పుకోవాలన్నాడు దేవుళ్లు, అదీ నలుగురూ ఉన్నప్పుడే.

"నాకు సెప్పకుండా ఇంకెప్పుడూ ఏదీ ఎట్టకు" అన్నాడు, రోడ్డు వైపు చూస్తూ.

"సెప్పి ఎడితే తింటావా?"

దేవుళ్లు నిజాయితీగా ఆలోచించాడు.

"తిన్ను" అన్నాడు. "అయినా సెప్పు."